పొద్దుగుంకాక మొదలయ్యే జాతర

ఇండియానాపోలిస్ నుంచి దక్షిణంగా గంటకు కాస్త పైన ప్రయాణం. కనుచూపు మేర పరుచుకున్న మొక్కజొన్న, సోయా చేలు తగ్గి, గుట్టలూ అడవీ మొదలయ్యాయంటే బ్రౌన్ కౌంటీలోకి వచ్చినట్టే. అక్కడ 135వ నంబరు రాష్ట్ర రహదారి మీద బీన్ బ్లాసమ్ అనే పల్లె ఉంది. అయిదు మైళ్లు ముందుకెళ్తే కౌంటీ ముఖ్యపట్టణం నాష్‌విల్. పాటల రాజధానిగా పేరుపడ్డ టెన్నెసీ నాష్‌విల్ కాదిది, అదే పేరున్న బుల్లి ఊరు. అక్కడి దుకాణాల్లో నూనెలో వేయించిన బిస్కెట్లు, వాటితో పాటు ఆపిల్ బటర్ దొరుకుతాయి. బీన్ బ్లాసమ్‌లో అదీ లేదు. మామూలు రోజుల్లో కారు వేగం తగ్గించకుండా దాటిపోయే చోటు. జూన్ నడిమికి వచ్చేసరికి మాత్రం చెట్ల మధ్య ఖాళీ అంతా గుడారాలు, ఇల్లులాంటి పెద్ద బండ్లు, పికప్ ట్రక్కులతో నిండిపోతుంది.

వచ్చినవాళ్ల బండి డిక్కీలో మడతకుర్చీలు, ఐస్ పెట్టె, వానకోటు ఉంటాయి. చాలామంది దగ్గర వీటితో పాటు ఓ వాద్యం పెట్టె కూడా ఉంటుంది. పాట వినడానికి వచ్చేవాళ్లు వాద్యం ఎందుకు మోసుకొస్తారు? బ్లూగ్రాస్ అనే ఈ సంగీతపు పండుగ ఏమిటో తెలియాలంటే ముందు ఈ సంగతి తెలియాలి. పగలు వేదిక మీద పేరున్న బృందాల కచేరీలు వింటారు. పొద్దుగుంకాక గుడారాల దగ్గర ఎవరికి వాళ్లే కళాకారులు. నన్నడిగితే అసలు జాతర ఈ రెండోదే. పగటి కచేరీలు చేసేవాళ్లలోనూ చాలామంది ఇలాంటి గుడారాల దగ్గరే చేయి తిప్పుకున్నవాళ్లు.

కెంటకీ పాట, ఇండియానా ఇల్లు

ఈ సంగీతానికి మూలపురుషుడు బిల్ మన్రో. 1911లో కెంటకీ రాష్ట్రంలో రోజీన్ అనే పల్లెలో పుట్టాడు. ఎనిమిది మంది సంతానంలో ఆఖరివాడు. ఫిడేలు, గిటారు అన్నలు తీసేసుకుంటే ఇతనికి మాండొలిన్ మిగిలింది. గోల ఎక్కువ కాకూడదని దాని ఎనిమిది తీగల్లో నాలుగు పీకేసి మరీ ఇచ్చారట. మెల్లకన్ను, చూపు ఆనేది కాదు. పదహారేళ్లు వచ్చేసరికి తల్లీతండ్రీ ఇద్దరూ పోయారు. మేనమామ పెన్ వాండివర్ పంచన చేరి, ఆయన ఫిడేలుకు తోడుగా ఊళ్లలో నాట్యాల రాత్రులకు వాయిస్తూ పెరిగాడు. ఆర్నల్డ్ షుల్జ్ అనే నల్లజాతి గిటారు విద్వాంసుడి పక్కన కూడా వాయించాడు. మన్రో పాటలో వినిపించే బ్లూస్ జీర అక్కడిదే. షుల్జ్ వాయించినది ఒక్క రికార్డు కూడా మిగల్లేదు. బాంజో ఆఫ్రికా బానిసలతో అమెరికా చేరిన వాద్యమన్న సంగతీ చాలాకాలం మరుగునే ఉంది. పల్లె తెల్లవాళ్ల పాటగా ముద్రపడిన బ్లూగ్రాస్ ఈ బాకీలను ఒప్పుకోవడానికి చాలా ఏళ్లు తీసుకుంది. ఇప్పుడిప్పుడే ఒప్పుకుంటోంది.

కెంటకీ పాటకు ఇండియానాలో ఇల్లు ఎలా కుదిరింది? దీని వెనక ఉన్నది వలస. 1929లో మన్రో అన్నల వెంట ఉత్తర ఇండియానా వెళ్లాడు. మిషిగన్ సరస్సు ఒడ్డున సింక్లెయిర్ చమురుశుద్ధి కర్మాగారంలో పీపాలు కడిగే పని చేశాడు. ఆ దశాబ్దాల్లో కెంటకీ, టెన్నెసీ కొండపల్లెల నుంచి వేలకు వేల కుటుంబాలు ఇలాగే ఉత్తరాది ఫ్యాక్టరీలకు తరలివచ్చాయి. వారమంతా యంత్రాల మోత వినే ఆ జనానికి ఆదివారం ఒక్కపూట సొంతూరి పాట కావాలి. 1940ల మొదట్లో బీన్ బ్లాసమ్‌లో పుట్టిన ‘బ్రౌన్ కౌంటీ జాంబొరీ’ వాళ్ల కోసమే. ఓ పొడవాటి కొట్టంలో ఆదివారాల్లో కచేరీలు జరిగేవి. 1950ల మొదట్లో మన్రో ఆ కొట్టాన్నీ చుట్టుపక్కల నేలనూ కొనేశాడు.

అప్పటికే ఆయన పెద్ద పేరు. 1939 అక్టోబరులో టెన్నెసీ నాష్‌విల్‌లోని గ్రాండ్ ఓల్ ఆప్రీ రేడియో కార్యక్రమంలో చేరాడు. కెంటకీకి ఉన్న ముద్దుపేరు మీద తన బృందానికి ‘బ్లూ గ్రాస్ బాయ్స్’ అని పెట్టుకున్నాడు. ఆ సంగీతానికీ అదే పేరు స్థిరపడింది. 1945 డిసెంబరులో ఎర్ల్ స్క్రగ్స్ అనే కుర్రాడు మూడు వేళ్లతో బాంజో మీటుతూ బృందంలో చేరాక పాట ఒక్కసారిగా పరుగందుకుంది. బాంజో, ఫిడేలు, మాండొలిన్, గిటారు, నిలువెత్తు బాస్ కలిసి అయిదు వాద్యాలు. డ్రమ్ములు లేవు. బ్లూగ్రాస్‌ను తరతరాల జానపదమనుకునేవాళ్లు చాలామంది. నిజానికి ఇది మైకు ముందు పుట్టిన సంగీతం. ఎవరు, ఎప్పుడు, ఏ బృందంలో కలిస్తే ఈ రూపం వచ్చిందో పేర్లతో సహా చెప్పొచ్చు. అందులోని పాతదనం చాలావరకు పాటల్లో ఉన్న ఇంటి బెంగ వల్ల వచ్చిందే.

1948లో స్క్రగ్స్, గాయకుడు లెస్టర్ ఫ్లాట్ మన్రోను వదిలి సొంత బృందం పెట్టుకున్నారు. మన్రో కోపం మామూలు కోపం కాదు. ఫ్లాట్‌తో ఇరవై ఏళ్లకు పైగా మాటల్లేవు. మహానుభావుడే, మనసులో పెట్టుకుంటే మాత్రం వదిలే రకం కాదు.

కొట్టం నుంచి తోపులోకి

రాక్ అండ్ రోల్ వచ్చి ఈ పాటల గిరాకీని దెబ్బకొట్టింది. మన్రో రాసుకున్న ‘బ్లూ మూన్ ఆఫ్ కెంటకీ’ని 1954లో ఎల్విస్ ప్రెస్లీ తొలి రికార్డుకు వెనకవైపు పాడి పేరు తెచ్చుకుంటే, అసలు మన్రో మాత్రం పల్లెటూరి హాళ్ల మధ్య కారులో తిరుగుతూనే ఉన్నాడు. బ్లూగ్రాస్‌ను నిలబెట్టింది రేడియో కాదు, రికార్డు కంపెనీలూ కాదు, వేసవి జాతరలు. 1965 సెప్టెంబరులో కార్ల్‌టన్ హేనీ అనే కచేరీల నిర్వాహకుడు వర్జీనియాలోని ఫిన్‌కాజిల్ దగ్గర ఓ గుర్రాల తోటలో కొన్ని రోజుల పండుగ పెట్టాడు. మన్రో బృందంలో ఒకప్పుడు పనిచేసినవాళ్లను వరుసగా వేదిక ఎక్కించి, ఈ సంగీతం ఎలా ఎదిగిందో కథలా చెప్పించాడు. ఆ కథకు నాయకుడైన మన్రో ఊరుకుంటాడా? 1967 జూన్‌లో బీన్ బ్లాసమ్‌లో రెండు రోజులు తన సొంత పండుగ పెట్టాడు. ఏళ్లు గడిచేకొద్దీ అది వారం దాటింది. ఏటా జరిగే బ్లూగ్రాస్ పండుగల్లో అన్నిటికన్నా పాతది తమదేనని బీన్ బ్లాసమ్ చెప్పుకుంటుంది.

1971 జూన్‌లో ఇదే వేదిక మీద మన్రో, ఫ్లాట్ మళ్లీ కలిసి పాడారు. అప్పటికి ఫ్లాట్, స్క్రగ్స్ కూడా విడిపోయి రెండేళ్లయింది. ఆనాడు తోపులో ఉన్నవాళ్లు ఇప్పటికీ ఆ పూటను చుట్టాల పెళ్లి గుర్తుచేసుకున్నట్టు చెప్పుకుంటారు. రెండేళ్ల తర్వాత, 1973 పండుగలో ఎంసీఏ కంపెనీ ‘బీన్ బ్లాసమ్’ పేరుతో రెండు ఎల్పీల రికార్డు తీసింది. ఊరి పేరు సముద్రాలు దాటింది ఆ రికార్డుతోనే.

మన్రో పెట్టిన ఓ ఆనవాయితీ మన పాఠకులకు తేలిగ్గా అర్థమవుతుంది. సాయంకాలం వాద్యం ఉన్న ప్రతివాడూ వచ్చి ఒక్కచోట నిలబడితే, ఆయన మధ్యలో ఉండి అందరితో కలిపి వాయించేవాడు. తిరువయ్యారులో త్యాగరాజ ఆరాధన నాడు పెద్ద విద్వాంసులూ పాఠం పూర్తికాని శిష్యులూ పక్కపక్కన కూర్చుని పంచరత్నాలు పాడతారే, ఇదీ అలాంటిదే. తేడా ఒకటుంది. అక్కడ కృతి ముందే అందరికీ నోటికి వచ్చి ఉంటుంది. ఇక్కడ పల్లవి ఒకటే ఉమ్మడి, మధ్యలో ఎవరి వంతు వస్తే వాళ్లు అప్పటికప్పుడు కల్పించుకోవాలి.

పండుగ ఇంకా మొదలుకాని జాంబొరీ రోజుల్లో బీన్ బ్లాసమ్‌కు వచ్చినవాళ్లలో ఒకడి కథ చెప్పుకోవాలి. 1964లో కాలిఫోర్నియా నుంచి జెర్రీ గార్సియా అనే బాంజో కుర్రాడు స్నేహితుడితో కలిసి, టేపు రికార్డరు పట్టుకుని రాష్ట్రాలు దాటి ఇక్కడికి వచ్చాడు. మన్రో బృందంలో చోటు అడగాలని మనసులో ఉంది. మన్రో ఎదురుగా నిలబడ్డాడు కానీ నోరు పెగల్లేదు. అడగకుండానే వెనక్కి వెళ్లిపోయాడు. మరుసటేడు అతను మరికొందరితో కట్టిన బృందమే ‘గ్రేట్‌ఫుల్ డెడ్’గా రాక్ చరిత్రకెక్కింది. ఆ రోజు నోరు విప్పి ఉంటే ఏమయ్యేదో! ఆ రోజుల్లోనే దగ్గర్లోని బ్లూమింగ్టన్‌లో ఇండియానా విశ్వవిద్యాలయంలో జానపద విజ్ఞానం చదువుతూ, జాంబొరీలో బాంజో వాయిస్తూ, కొన్నాళ్లు దాని నిర్వహణ కూడా చూసిన నీల్ రోజెన్‌బర్గ్ తర్వాత బ్లూగ్రాస్ చరిత్ర రాశాడు. 1985లో వచ్చిన ఆ పుస్తకమే ఇప్పటికీ ఈ రంగంలో ప్రమాణం.

మన్రో 1996 సెప్టెంబరులో పోయాడు. రెండేళ్లకు ఆయన కొడుకు జేమ్స్ ఈ స్థలాన్ని, ఒకప్పుడు తండ్రి బృందంలో బాంజో వాయించిన డ్వైట్ డిల్‌మన్‌కు అమ్మాడు. పాత కొట్టం ఇప్పుడు లేదు. మన్రో బతికుండగానే కట్టిన మ్యూజియం ఉంది. పళ్లెంలా పల్లంగా ఉన్న నేలలో, చెట్ల నీడన చెక్క వేదిక ఉంది. ఆయన మాండొలిన్ చూడాలనుకునేవాళ్లు టెన్నెసీ నాష్‌విల్‌లోని కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్‌కు వెళ్లాలి. 1923లో చేసిన గిబ్సన్ ఎఫ్-5 అది. ఫ్లోరిడాలో ఓ మంగలి దుకాణంలో కనపడితే 150 డాలర్లకు కొన్నాడు. 1985లో ఎవరో ఇంట్లో జొరబడి దాన్ని ఇనుప కడ్డీతో బద్దలుకొట్టారు. గిబ్సన్ కంపెనీ పనివాడు నెలల తరబడి చెక్క పేళ్లన్నీ ఒక్కొక్కటే అతికించి మళ్లీ మోగించాడు.

గుడారాల దగ్గర

ఇక్కడ జూన్ నెలలో పొద్దుగుంకడం రాత్రి తొమ్మిది దాటాకే. వేదిక మీద చివరి బృందం దిగేసరికి పది, పదకొండు. అప్పుడు గుడారాల దారుల్లో నడవండి. నాలుగడుగులకో పందిరి, దాని కింద ఓ దీపం, దీపం చుట్టూ అయిదారుగురు నిలబడి ఉంటారు. కొత్తవాడు వాద్యంతో వచ్చి వలయానికి ఒక అడుగు బయట నిలబడతాడు. ఎవరో ఒకరు జరిగి చోటిస్తారు. చోటు ఇవ్వలేదంటే వాళ్లు కచేరీకి సాధన చేసుకుంటున్నారని అర్థం, ఇంకో పందిరి చూసుకోవాలి.

పాట ఎత్తుకునేవాడు ముందు శ్రుతి చెప్తాడు. జీ అంటే సులువు, అందరూ తలాడిస్తారు. బీ అన్నాడంటే గిటారు, బాంజో వాళ్లు వాద్యం మెడ మీద తీగలను నొక్కిపట్టే కేపో బిగించుకుంటారు. మన్రో గొంతు బాగా పైస్థాయిలో పలికేది కాబట్టి ఆయన పాటలకు బీ ఎక్కువ. ఒక చరణం అయ్యాక పాడేవాడు కనుబొమ్మ ఎగరేసి పక్కవాడి వైపు చూస్తాడు. ఆ వాయింపు అతని వంతు. వద్దనుకుంటే తల అడ్డంగా ఊపితే చాలు, ఎవరూ ఏమీ అనుకోరు. తన వంతు కాని సమయంలో గట్టిగా వాయించడం మాత్రం తప్పు. మాండొలిన్ వాడు ఎదురు దెబ్బ మీద తీగలను ‘చక్’ మని కొట్టి, వెంటనే ఎడమచేతి వేళ్ల పట్టు వదులుతుంటాడు. డ్రమ్ము లేని లోటు ఆ చప్పుడే తీరుస్తుంది. ఇక పాట ముగించాలనుకున్నప్పుడు ఎత్తుకున్నవాడు కాలు ముందుకు చాపుతాడు. పదిమంది ఒక్కసారి ఆగుతారు. ఆ పదిమందిలో ఒకరిపేరు ఒకరికి తెలియకపోవచ్చు.

వేదిక దగ్గర మర్యాద వేరు. పొద్దున్నే మడతకుర్చీ వేసి వచ్చేస్తే రోజంతా ఆ చోటు మీదే. మీరు లేనప్పుడు ఎవరైనా అందులో కూర్చోవచ్చు, మీరు రాగానే లేస్తారు. తాళాలూ కాపలాలూ లేవు. బృందాల్లో కొన్ని ఇప్పటికీ ఒక్క మైకుతోనే కానిస్తాయి. ఫిడేలు వంతు రాగానే గాయకుడు భుజం పక్కకు వంచి తప్పుకుంటాడు, కమాను అతని చెవిని రాసుకుంటూ ముందుకొస్తుంది. గొంతులు కలిపేటప్పుడు ముగ్గురు తలలు దగ్గర పెట్టి, ఎంత దూరంలో నిలబడితే ఎంత వినిపిస్తుందో ఆ అంచనాతోనే హెచ్చుతగ్గులు సర్దుకుంటారు. ఈ కదలికలు చూడ్డానికైనా ముందు వరసలో కూర్చోవాలి.

ఎవరి కోసం కాచుకోవాలి

ఈ వేసవి ఏ బ్లూగ్రాస్ పండుగ పోస్టరు మీదైనా ఈ కింది పేర్లు కనపడితే ఆ రోజుకు టిక్కెట్టు కొనేయండి.

మొదటి పేరు మైకేల్ క్లీవ్‌లాండ్. ఇండియానాలోనే హెన్రీవిల్ వాడు, 1980లో పుట్టాడు. పుట్టుగుడ్డి, ఒక చెవి కూడా సరిగా వినపడదు. నాలుగేళ్లకు ఫిడేలు పట్టాడు. తొమ్మిదేళ్లప్పుడు బీన్ బ్లాసమ్ వేదిక మీద మన్రో పక్కన నిలబడి వాయించాడు. గార్సియా దాటలేకపోయిన ఆ నాలుగడుగులూ ఈ పిల్లాడు దాటేశాడు. ఇంటర్నేషనల్ బ్లూగ్రాస్ మ్యూజిక్ అసోసియేషన్ ఏటా ఇచ్చే ఉత్తమ ఫిడేలు పురస్కారం పదిసార్లకు పైగా అతనిదే. ‘టాల్ ఫిడ్లర్’ ఆల్బమ్‌కు 2020లో గ్రామీ వచ్చింది. వేగం అందరికీ ఉంటుంది. ఇతని కమానుకు బరువుంది. నెమ్మది పాటల్లో అది బాగా తెలుస్తుంది.

పెద్దతరంలో లారీ స్పార్క్స్‌ను వదులుకోవద్దు. 1947లో ఒహాయోలో పుట్టాడు, స్టాన్లీ సోదరుల్లో అన్న కార్టర్ పోయాక తమ్ముడు రాల్ఫ్ స్టాన్లీ పక్కన గాయకుడిగా నిలబడ్డాడు. 2015లో బ్లూగ్రాస్ హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎక్కాడు. ఎక్కడ గొంతు ఆపాలో తెలిసిన గాయకుడు. 1963లో మన్రో బృందంలో చేరిన డెల్ మెక్‌కూరీ కూడా ఆ తరంవాడే. 1939లో పుట్టిన ఆయనను చూసే అవకాశం వస్తే వాయిదా వేయకండి.

కొత్తవాళ్లలో బిల్లీ స్ట్రింగ్స్ పేరు బ్లూగ్రాస్ వినని అమెరికన్లకు కూడా తెలుసు. 1992లో మిషిగన్‌లో పుట్టాడు. పెంచిన తండ్రి టెర్రీ బార్బర్ దగ్గర నేర్చుకున్న పాటలతో 2022లో ఆయనతోనే కలిసి ఆల్బమ్ చేశాడు. ఇప్పుడు క్రీడా మైదానాలంత ప్రాంగణాలు నింపుతున్నాడు కాబట్టి చిన్న తోపుల్లో దొరకడం కష్టం. ఆ పెద్ద కచేరీల్లో ఒక్కో పాటను పావుగంట సాగదీస్తాడు. నాకైతే తండ్రితో కూర్చుని పాడిన ఆల్బమే ఎక్కువ నచ్చుతుంది. కాలిఫోర్నియా అమ్మాయి మోలీ టటిల్ 2017లో అసోసియేషన్ ఉత్తమ గిటారు పురస్కారం అందుకున్న తొలి మహిళ. టెన్నెసీ పల్లె బర్డ్స్‌టౌన్ నుంచి వచ్చిన సియెరా హల్ అంతకు ఏడాది ముందు మాండొలిన్‌లో అదే ఘనత సాధించింది. తండ్రి వెంట ఊళ్లో వాయింపులకు వెళ్లి నేర్చుకున్న పిల్ల, పదకొండేళ్లకు పేరున్న గాయని ఆలిసన్ క్రాస్ కంట్లో పడింది. హల్ దగ్గర కొన్నాళ్లు నేర్చుకున్న టెన్నెసీ కుర్రాడు వయట్ ఎల్లిస్ ఇంకా పదుల వయసులోనే ఉన్నాడు. అతని తొలి ఆల్బమ్ ‘హ్యాపీ వ్యాలీ’ 2024లో వచ్చింది. మన్రో పద్ధతిని ఇంత భక్తితో పట్టుకున్నవాడు ఈ వయసులో మరొకరు లేరనిపిస్తుంది. రాబోయే పదేళ్లలో ఎటు తిరుగుతాడో చూడాలి.

మనవైపు నుంచి చూస్తే

మాండొలిన్ అనగానే తెలుగువాళ్లకు పాలకొల్లు గుర్తొస్తుంది. 1969లో అక్కడ పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ అదే పడమటి వాద్యాన్ని తీసుకుని, జంట తీగలను ఒంటి తీగలుగా మార్చి, కరెంటుతో మోగించి, గమకాలు పలికించాడు. మన్రో జంట తీగలను ఉంచుకుని దెబ్బకు వాడుకున్నాడు. శ్రీనివాస్ చేతిలో స్వరం జారుతుంది, మన్రో చేతిలో తెగుతుంది. ఇద్దర్నీ ఒకే సాయంత్రం వినండి, ఒక వాద్యంలో ఎన్ని వాద్యాలున్నాయో తెలుస్తుంది. బ్లూగ్రాస్ వాళ్లు మన సంగీతం వైపు రావడమూ కొత్త కాదు. డోబ్రో గిటారు విద్వాంసుడు జెర్రీ డగ్లస్ 1995లో విశ్వమోహన్ భట్‌తో ఆల్బమ్ చేశాడు. బాంజో బేలా ఫ్లెక్, బాస్ ఎడ్గార్ మేయర్ కలిసి జాకిర్ హుస్సేన్, రాకేశ్ చౌరాసియాలతో చేసిన ‘యాజ్ వి స్పీక్’కు 2024లో గ్రామీ దక్కింది.

ఇండియానాపోలిస్‌లో, కమ్మిన్స్ ఇంజిన్ల కంపెనీ ఉన్న కొలంబస్‌లో, బ్లూమింగ్టన్ విశ్వవిద్యాలయంలో ఉన్న మనవాళ్లకు బీన్ బ్లాసమ్ వారాంతపు ప్రయాణమే. కొలంబస్ నుంచి ముప్పావుగంట కూడా పట్టదు. మొత్తం పండుగకు టిక్కెట్టు కొననక్కర్లేదు, ఒక్కరోజుదీ ఇస్తారు. గుడారం వేసుకోకుండా సాయంత్రం ఇంటికి వెళ్లిపోదామనుకుంటే సగం పండుగే చూసినట్టు. వాన తప్పదని ముందే అనుకోండి, బురదలో నడిచే బూట్లు తీసుకెళ్లండి, గడ్డిలో కూర్చుని లేచాక పిడుదులు పట్టాయేమో కాళ్లు చూసుకోండి. శాకాహారులు వెంట పులిహోర తెచ్చుకోవడం మేలు. అక్కడి కొట్లలో పంది మాంసం శాండ్‌విచ్‌దే రాజ్యం. ఆదివారం పొద్దుట భక్తి పాటలుంటాయి. మతం సంగతి ఎలా ఉన్నా, నాలుగు గొంతులు ఒకటిగా కలవడం వినాలంటే ఆ పూటే మంచిది.

కొలరాడోలో ఉన్నవాళ్లకు జూన్‌లోనే టెల్యురైడ్ పండుగ ఉంది, 8,750 అడుగుల ఎత్తున, కొండల నడుమ. అక్కడ బ్లూగ్రాస్‌తో పాటు రాక్, జానపదం అన్నీ వినిపిస్తాయి. న్యూయార్క్ వైపు వాళ్లకు జులైలో క్యాట్స్‌కిల్ కొండల్లో గ్రే ఫాక్స్. వర్జీనియాలో గేలక్స్ ఊళ్లో 1935 నుంచి జరుగుతున్న ఫిడేలు పోటీలు ఆగస్టులో. జూన్‌లో కుదరనివాళ్ల కోసం బీన్ బ్లాసమ్‌లోనే సెప్టెంబరులో మన్రో మేనమామ పెన్ పేరు మీద మరో పండుగ పెడుతున్నారు. అప్పటికి ఎండ తగ్గుతుంది, జనం పలచన. వాద్యం కొత్తగా పట్టినవాళ్లకు ఆ పందిళ్ల కింద చోటు తొందరగా దొరుకుతుంది.